యాత్రారచనలో బేరం పేజీ

యాత్రాగ్రంథం ఏది చేతికొచ్చినా నేను ముందుగా బేరం పేజీ వెతుక్కుంటాను. పరాయి ఊరు వెళ్లినవాడు ఏదో ఒకటి కొనకుండా తిరిగి రాడు. కొన్నప్పుడు అమ్మినవాడు అతనికి ఎలా కనిపించాడు, ఆ మనిషి నోట ధర కాక మరో మాట వచ్చిందా, వస్తే అది రచయిత చెవిన పడిందా అని చూస్తాను. ఆ పేజీ బాగుంటే తక్కిన పుస్తకాన్ని నమ్మి చదువుతాను. బాగుండకపోతే చదువుతాను గాని, నమ్మను.

ఇదేదో చాదస్తంలా కనిపించవచ్చు. యాత్రారచన అంటే కోటలు, గుడులు, నదులు. మధ్యలో తువ్వాళ్లూ గాజులూ కొన్న గొడవ ఎందుకని అడిగేవారున్నారు. గోపురం ఎత్తు, కట్టించినవాడి పేరు, కట్టిన ఏడాది ఏ గైడుపుస్తకంలోనైనా దొరుకుతాయి. ఎవరు ఎత్తి రాసుకున్నా తేడా తెలియదు. బేరం పేజీకి అరువు దొరకదు. అక్కడ రచయిత స్వయంగా నిలబడాలి. డబ్బు చేతులు మారేచోట అమ్మేవాడి గుణమే కాదు, కొనేవాడి గుణం కూడా బయటపడుతుంది.

అయినా మన సాహిత్యంలో ఆ పేజీకి పరువు లేదు. కారణం మన మాటల్లోనే ఉంది. 'బజారు' అన్న మాటను ఇంట్లోకి తెచ్చుకున్నాం గాని, దానికి పీట వెయ్యలేదు. సంసారం బజారుకెక్కింది అంటాం. బజారు మాటలు అంటాం. టర్కీ భాషలో బేరమాడటానికి 'పజార్లిక్' అని పేరు. ముక్కకు ముక్క తెలుగు చేస్తే 'బజారుతనం'! అక్కడ అది రోజువారీ మర్యాద, ఇక్కడ తిట్టు. ఈ తిట్టే మన యాత్రారచయితల కలాన్ని పట్టి ఆపుతుందని నా అనుమానం. గుడి గురించి పది పేజీలు రాసినవాడు అంగడి గురించి రాయాల్సి వచ్చేసరికి, మా ఆవిడ ఏవో కొంది అని దాటేస్తాడు.

ఈ సంగతి వివరించడానికి ఇస్తాంబుల్ నగరాన్ని తీసుకుంటున్నాను. ఆ ఊరి మీద వచ్చినన్ని యాత్రాగ్రంథాలు చాలా కొద్ది ఊళ్ల మీదే వచ్చాయి. ఆ గ్రంథాలను ఆ ఊరి రచయితలే చదివి, వాటికి తమ పుస్తకాల్లో జవాబు చెప్పారు. చూడవచ్చినవాడి మాట, చూడబడ్డవాడి మాట రెండూ పక్కపక్కన పెట్టి చదివే అవకాశం అంత బాగా మరోచోట దొరకదు. పైగా నేనూ ఆ ఊళ్లో అయిదు రోజులు తిరిగాను.

మన పత్రికల్లో ఇస్తాంబుల్ వ్యాసాలకు ఒక అచ్చు తయారైంది. ఉదయం ఆయాసోఫ్యా (ఇంగ్లీషు పుస్తకాల్లో హాగియా సోఫియా), పక్కనే నీలి మసీదు, మధ్యాహ్నం తోప్‌కపి రాజభవనం, సాయంత్రం బోస్ఫరస్ జలసంధిలో పడవ షికారు, చివర గ్రాండ్ బజారు. ఆయాసోఫ్యా గుమ్మటం కింద నిలబడి నోరు తెరవడం, నీలి మసీదుకు ఆరు మినార్లని లెక్కపెట్టడం, బజారులో అంగడివాడు నమస్తే అన్నాడని మురిసిపోవడం ఈ వ్యాసాల్లో తప్పనిసరి. కట్టడాలకు తొంభై పాళ్లు, బజారుకు పది పాళ్లు. ఆ పదిలో అయిదు 'వాళ్లు మోసగాళ్లు, సగానికి అడగండి' అన్న సలహాకు పోతాయి.

కట్టడాల సంగతి చూద్దాం. ఆయాసోఫ్యాను 532-537 మధ్య జస్టీనియన్ చక్రవర్తి చర్చిగా కట్టించాడు. 1453లో తురుష్కులు నగరం గెలిచాక మసీదైంది. 1934లో ప్రభుత్వం నిర్ణయం తీసుకుని, 1935లో మ్యూజియంగా తెరిచింది. 2020 జూలైలో మళ్లీ మసీదైంది. ఇంతవరకూ అందరూ రాస్తారు. 2024 జనవరి నుంచి అక్కడ మరో ఏర్పాటు వచ్చింది. చూడటానికి వచ్చే విదేశీయులకు వేరే ద్వారం, పై అంతస్తు వసారాలు మాత్రమే, 25 యూరోల టిక్కెట్టు. నమాజుకు వచ్చేవారికి కింది అంతస్తు, ఉచితం. ధర్మదర్శనం, ప్రత్యేక దర్శనం క్యూలు ఎరిగిన తెలుగు రచయితకు ఇది చటుక్కున తగలాలి. ఎవరు ఏ గుమ్మంలోంచి, ఎంత ఇచ్చి లోపలికి వెళ్తున్నారన్నది కూడా ఆ కట్టడం చరిత్రే. అది కూడా ఒక బేరం పేజీయే.

ఇంకా లోతుకు వెళ్తే, గుడికీ అంగడికీ మధ్య మనవాళ్లు గీసిన గీత అక్కడ నిలవదు. గ్రాండ్ బజారు నడిబొడ్డున బెదెస్తెన్ అని ఒక గుమ్మటాల మందిరం ఉంది. నగరాన్ని గెలిచిన రెండో మెహ్మెద్ 1455-56 చలికాలంలో దాన్ని మొదలుపెట్టించాడు. బట్టలూ నగలూ అమ్మే ఆ అంగడిని ఆయాసోఫ్యా మసీదు ధర్మాదాయానికి రాసిచ్చాడు. దుకాణాల అద్దెతో మసీదు నడవాలన్నమాట. పదిహేడో శతాబ్దిలో కట్టిన మిసిర్ చార్షి, అంటే గైడులు స్పైస్ బజార్ అనే సుగంధద్రవ్యాల అంగడి కూడా ఇంతే. పక్కనున్న కొత్త మసీదు పోషణకోసం కట్టిందే. చెన్నైలో కొత్వాల్ చావిడి అంగడికీ కన్యకాపరమేశ్వరీ దేవస్థానానికీ ఉన్న సంబంధం తెలిసిన పాఠకులకు ఇది కొత్త కాదు. గుడి, అంగడి ఒకే ఖాతాపుస్తకంలో రెండు పద్దులు. యాత్రావ్యాసం వాటిని విడదీసి, ఒకదాన్ని సంస్కృతి అనీ రెండోదాన్ని షాపింగు అనీ పిలుస్తుంది.

గ్రాండ్ బజారు అన్నది మనబోటివాళ్లు పిలిచే పేరు. ఆ ఊరివాళ్లు 'కపాలి చార్షి' అంటారు. మైలాపూరు ఎరిగినవాళ్లకు ఆ పేరు వినగానే నవ్వొస్తుంది. కపాలి అంటే కప్పి ఉన్నది, మూసినది అని అర్థం. చార్షి అంటే అంగడి. 'చహార్ సూ', నాలుగు దిక్కులు అన్న పారసీక పదంలోంచి వచ్చింది. మన చౌరస్తాకు దూరపు చుట్టం. దుకాణం మూసినప్పుడు తలుపుకు తగిలించే పలకమీద కూడా కపాలి అనే ఉంటుంది. ఆదివారం ఈ బజారుకు సెలవు. అంటే ఆదివారంనాడు కపాలి చార్షి నిజంగానే కపాలి.

అరవై పైచిలుకు వీధులు, సుమారు నాలుగు వేల దుకాణాలు ఒకే కప్పు కింద ఉన్నాయి. వీధుల పేర్లు వృత్తుల పేర్లు. కల్పక్‌చిలర్ అంటే బొచ్చుటోపీలు కుట్టేవారి వీధి. ఇప్పుడు అక్కడ ఈ చివరినుంచి ఆ చివరికి బంగారు నగలు. ఫెస్‌చిలర్ అంటే ఎర్ర తుర్కీ టోపీలవారి వీధి. 1925లో చట్టం చేసి ఆ టోపీని నిషేధించారు. టోపీ పోయింది, వీధి పేరు మిగిలింది. బెంగుళూరు పేటలో అక్కిపేట, అరళెపేట, బళెపేట తిరిగినవారికి ఇది అర్థమవుతుంది. బియ్యం, దూది, గాజులు పేర్లలో ఉన్నాయి. వీధిలో ఉన్న సరుకు వేరు. ఇలాంటి వీధిపేరు చదవడం శాసనం చదవడంతో సమానం. మన యాత్రావ్యాసాల్లో ఒక్కటైనా ఈ పేర్లలో ఒకదాని అర్థం అడిగి రాసినట్టు నేను చూడలేదు.

మాటల సంగతికి వస్తే, ఆ బజారులో తెలుగువాడు అనుకున్నంత పరాయివాడు కాడు. దుకాణం అక్కడ దుక్కాన్. మోతగాడు హమాల్, మన హమాలీ. తూచేది తెరాజి, మన తరాజు. డబ్బు పెట్టుకునేది జెప్, మన జేబు. కాగితం కాగిత్. పెట్టె సందిక్, మన సందుగ. వేలంలో కేకవేసేవాడు తెల్లాల్, మన దళారి. అరబ్బీ పారసీక వర్తకుల నోటివెంట రెండు దిక్కులకూ నడిచిన మాటలివి. మన సరుకు కూడా పేరు మార్చుకుని అక్కడ కూర్చుంది. కొబ్బరికాయను 'హిందిస్తాన్ జెవిజి' అంటారు. హిందూస్థానపు అక్రోటుకాయ అని అర్థం. చింతపండు 'దెమిర్‌హిందీ'. మిసిర్ అంటే ఈజిప్టు. తూర్పు దేశాల సరుకు ఈజిప్టు మీదుగా వచ్చేది గనుక, తిరగమోత దినుసుల అంగడికి ఆ దారి పేరే పడింది. స్పైస్ బజార్ అని రాస్తే ఈ కథంతా పోతుంది.

ఆ మిసిర్ చార్షిలోనే ఒక పొద్దున నేను పావుకిలో ఎర్ర మిరపపొడి కొన్నాను. అంగడాయన యాభై దాటిన మనిషి. 'హిందిస్తాన్?' అని అడిగి, అవునంటే 'ఆవారే' అని రెండు చేతులూ చాచాడు. రాజ్‌కపూర్ సినిమా 1950లలో ఆ దేశాన్ని ఊపేసిందని చదివాను గనుక ఆశ్చర్యపడలేదు. నేనిచ్చిన నోటును ఆయన గడ్డానికి ఆనించి రుద్దుకుని, 'సిఫ్తా' అన్నాడు. ఎవరూ వివరించనక్కర్లేకుండానే అర్థమైంది: బోణీ. మా వీధి పూలమ్మి మొదటి రూపాయిని కళ్లకద్దుకునేది కూడా ఇందుకే. పూర్వం తన బోణీ అయిన వర్తకుడు రెండో గిరాకీని, పక్కవాడికి ఇంకా బోణీ కాలేదు అక్కడికి వెళ్లమని పంపేవాడని ఆ ఊళ్లో గొప్పగా చెప్పుకుంటారు. ఇప్పుడు అలా పంపేవాళ్లు ఎవరూ కనిపించలేదు గాని, ఆ ముచ్చట చెప్పుకోవడం మాత్రం మానలేదు.

నేను అక్కడ నిలబడ్డ అరగంటలో ఆయన ఇంగ్లీషు, అరబ్బీ, రష్యన్, కొంచెం జర్మన్ మాట్లాడాడు. లోపల పొట్లాలు కట్టే కుర్రాడితో మాట్లాడింది మాత్రం టర్కీ భాషలా వినిపించలేదు. అడిగాను. గొంతు కొంచెం తగ్గించి 'కుర్ద్‌చే' అన్నాడు, కుర్దుల భాష. గిరాకీల భాషలు నాలుగూ గొంతెత్తి మాట్లాడిన మనిషి తన అమ్మభాష పేరు దగ్గర గొంతు తగ్గించాడు. 1983 నుంచి 1991 దాకా ఆ దేశంలో కుర్దిష్‌ను అణచిపెట్టిన చట్టం ఉండేదని తెలిస్తే, ఆ తగ్గిన గొంతు మామూలుగా వినిపించదు. నేను బేరం పేజీ అంటున్నది దీన్నే. ఆయాసోఫ్యా గుమ్మటం కింద ఇది నాకు తెలిసేది కాదు.

ఇక ఆ ఊరిని చూసి రాసినవాళ్లను ఈ గజంతో కొలుద్దాం. మార్క్ ట్వేన్ 1867లో వచ్చాడు, 'ఇన్నొసెంట్స్ అబ్రాడ్' 1869లో అచ్చయింది. ఆయాసోఫ్యా ఆయనకు పాత పశువులకొట్టంలా కనిపించింది. అందరూ మోకరిల్లేచోట మోకరిల్లకపోవడం ఆయన ధైర్యం, దాన్ని మెచ్చుకుంటాను. కాని గ్రాండ్ బజారు దగ్గరకొచ్చేసరికి జనం, రొద, గాడిదలు, చివరికి వాసన మీద ఒక వెక్కిరింత. ఒక్క అంగడివాడికీ మొహం లేదు. అదే పుస్తకంలో జిబ్రాల్టర్ దగ్గర చేతితొడుగులు కొన్న ఘట్టం చూడండి. అమ్మే అమ్మాయి పొగడ్తలకు పొంగిపోయి, చిరిగిపోతున్న తొడుగులను కొని పరువు దక్కించుకున్న తీరు చదివితే పొట్ట చెక్కలవుతుంది. అక్కడ అమ్మాయీ మనిషే, ట్వేనూ మనిషే. అదే కలం ఇస్తాంబుల్లో ఎందుకు మొద్దుబారింది? జిబ్రాల్టర్ అమ్మాయి ఆయన భాష మాట్లాడింది. ఇస్తాంబుల్లో భాష రానిచోట ఆయనకు మనుషులు గుంపుగా మారిపోయారు.

ఇటలీ రచయిత ఎద్మొందో దె అమీచీస్ 1870లలో ఆ ఊరి మీద రాసిన పుస్తకం ఇంతకంటే చాలా మెరుగు. గలాటా వంతెన మీద నిలబడి నడిచిపోయే జాతులన్నిటినీ ఆయన వర్ణించిన తీరుకు సాటి లేదు. బజారుకు ఆయన ఓపికగా పేజీలకు పేజీలు ఇచ్చాడు. వీధివీధికీ తిరిగాడు, సరుకు సరుకునూ చూశాడు. అయితే అక్కడా ఒక వెలితి ఉంది. గ్రీకువాడు ఇలా పిలుస్తాడు, యూదువాడు ఇలా పిలుస్తాడు, తురుష్కుడు పిలవకుండా కూర్చుంటాడు అని జాతికొక గుణం పంచిపెట్టాడు. అంగడివాడికి జాతి దొరికింది. పేరు, ఇల్లు, బోణీ కాని రోజు దిగులు దొరకలేదు. ట్వేన్ చూసిన గుంపును ఈయన అరల్లో సర్దాడు. అంతవరకే.

లోపలివాడు చూస్తే ఎలా ఉంటుంది? పదిహేడో శతాబ్దికి చెందిన ఎవ్లియా చెలెబీ ఆ ఊరిలోనే పుట్టిన యాత్రికుడు. పది సంపుటాల యాత్రాగ్రంథం రాశాడు. మొదటి సంపుటమంతా సొంత ఊరికే కేటాయించాడు. అందులో సుల్తాను ఎదుట వృత్తిసంఘాలవాళ్లు ఊరేగిన వైభవం ఉంది. రొట్టెలు కాల్చేవారు, కసాయివారు, చేపలవారు, ఓడలవారు, ఎవరు ముందు నడవాలన్న తగాదాలతో సహా. అంకెల విషయంలో ఆయన అతిశయోక్తిపరుడని పేరు. ఉండనీయండి. ఊరంటే పనిచేసే చేతులని ఆయనకు తెలుసు. కట్టడాలూ ఆయన వదల్లేదు, అంగళ్లూ వదల్లేదు. ఆ రెండింటి మధ్య గీత లేని పుస్తకం అది.

మన కాలానికి వస్తే ఓర్హాన్ పాముక్. 2006లో నోబెల్ వచ్చినాయన. 2003లో వచ్చిన ఆయన 'ఇస్తాంబుల్' పుస్తకంలో ఆయాసోఫ్యాకు ప్రత్యేకంగా అధ్యాయం లేదు, కపాలి చార్షికీ లేదు. ఉన్నది నిషాన్‌తాషిలోని ఉమ్మడి కుటుంబపు మేడ, తగలబడే పాత కర్రభవనాలు, బోస్ఫరస్ మీద పొగ వదిలే పడవలు, 'హుజున్' అని ఆయన పిలిచే ఊరుమ్మడి దిగులు. యాత్రికుల గురించి ఆయన రాసిన భాగం మనకు ముఖ్యం. 1852లో వచ్చిన ఫ్రెంచి రచయిత గోతియే పాడుబడ్డ పేటల్లో నడిచి రాసినదాన్ని తర్వాతి టర్కీ రచయితలు చదివి, తమ ఊరి అందాన్ని ఆ అద్దంలో పోల్చుకున్నారని చెప్పాడు. పైవాడి చూపు మీద కోపం, దాని మీదే ఆధారం - రెండూ దాచలేదు. ఇంత నిజాయితీ అరుదు.

కాని నా గజంతో కొలిస్తే ఆ పుస్తకంలో ఒక కొరత కనిపిస్తుంది. పాముక్ మేడమీది అబ్బాయి. కిటికీలోంచి పడవలు లెక్కపెడతాడు. అంగడివాడితో మాట కలిపే అవసరం ఆ పిల్లవాడికి తక్కువ. ఆ లోటు ఆయన 2008 నాటి 'అమాయకత్వపు మ్యూజియం' నవలలో తీర్చుకున్నాడని నా అభిప్రాయం. ఆ కథ ఒక కొనుగోలుతో మొదలవుతుంది. 1975లో ఒక ధనవంతుల అబ్బాయి కాబోయే భార్యకోసం విదేశీ పేరున్న చేతిసంచి కొంటాడు. అది నకిలీదని ఆమె పట్టేస్తుంది. తిరిగిచ్చేయడానికి దుకాణానికి వెళ్లిన అతను, అమ్మిన అమ్మాయితో ప్రేమలో పడి, జీవితమంతా ఆమె తాకిన వస్తువులు పోగుచేస్తాడు. 2012లో పాముక్ చుకుర్‌జుమా పేటలో ఆ మ్యూజియాన్ని నిజంగానే తెరిచాడు. పాతసామాన్ల అంగళ్లలో ఏరుకొచ్చిన ఉప్పుబుడ్లు, తాళాలు, గడియారాలే దాని సొత్తు. బేరమాడి తెచ్చిన సామాన్లతో కట్టిన దర్శనీయ స్థలం అది! గుడికీ అంగడికీ మధ్య గీతను ఒక నవలాకారుడు మళ్లీ చెరిపేశాడు.

'ఇస్తాంబుల్' పుస్తకంలో మరో చోట పాముక్ చెప్పిన సంగతి మన పాఠకులు ప్రత్యేకంగా చూడాలి. గోతియే నడిచిన నాటి వీధుల్లో టర్కీ, గ్రీకు, అర్మీనియన్, ఇటాలియన్, ఫ్రెంచి, యూదుల లదీనో అన్నీ వినిపించేవి. బజారులో ఒకటి కంటే ఎక్కువ భాషలు రానివాడికి పూట గడిచేది కాదు. రిపబ్లిక్ వచ్చాక 1928లో 'పౌరుడా, టర్కీ మాట్లాడు' అన్న ఉద్యమం లేచింది. 1942లో సంపద పన్ను ముస్లిమేతర వర్తకుల నడ్డి విరిచింది. 1955 సెప్టెంబరు 6, 7 తేదీల్లో అల్లరి మూకలు గ్రీకుల, అర్మీనియన్ల, యూదుల దుకాణాలు పగలగొట్టి, సరుకు వీధిపాలు చేశాయి. 1964లో గ్రీసు పౌరసత్వం ఉన్న గ్రీకులను పంపించేశారు. తన చిన్నతనంలో వీధిలో ఎవరైనా గ్రీకో అర్మీనియనో కాస్త పైకి మాట్లాడితే, టర్కీ మాట్లాడమని గదిమేవారుండేవారని పాముక్ రాశాడు.

ఇవాళ అదే బజారులో అంగడివాడు అరడజను భాషలు మాట్లాడతాడు. చూడవచ్చినవాడు ఆహా బహుభాషా నగరం అని రాసుకుంటాడు. కాని ఒకప్పటివి పొరుగువాడి భాషలు, ఇప్పటివి గిరాకీ భాషలు. ఈ తేడా ధరల పట్టికలో కనిపించదు. నమస్తే అన్నాడని మురిసిన తెలుగు యాత్రికుడికి వినిపించలేదు. వినిపించవలసిన చెవులు మాత్రం మనవే.

ఎందుకంటే ఈ పత్రిక చదివే మనం చాలామందిమి అంగడిలో ఒక భాష, ఇంట్లో ఒక భాషగా తరాలు గడిపినవాళ్లం. మనల్ని ఎవరూ అలా కొట్టి తరమలేదు. ఆ పోలిక తెచ్చి గోరంతను కొండంత చేయను. మన దగ్గర జరిగింది వేరు. కొత్వాల్ చావిడి కూరగాయల టోకు అంగడి 1996లో కోయంబేడుకు తరలిపోయింది. రద్దీ తగ్గించడానికి చేసిన పని, తప్పుపట్టలేం. కాని ఆ చావిడిలో సరుకుతోపాటు వినిపించిన తెలుగు కోయంబేడుకు ఎంత వెళ్లింది? భాష అంగడి వదిలి ఇంటికి, ఇంటినుంచి పూజగదికి జరుగుతూ వస్తుంది. అంగడిలో ఒక భాష వినిపిస్తోందంటే దానితో ఎవరికో ఇంకా పని పడుతోందని అర్థం. బరంపురం బజారులోనో షోలాపురం పేటలోనో తెలుగు వినగానే మనకు కలిగే ధైర్యం ఇలాంటిదే. ఆ ధైర్యం, ఆ దిగులు ఎరిగినవాడు ఇస్తాంబుల్ బజారుకు వెళ్తే, చెవులు మూసుకుని గుమ్మటాలు లెక్కపెట్టడం వృథా.

చెవులే కాదు, చేతులు కూడా. కపాలి చార్షిలో తువ్వాళ్ల దుకాణాలు చాలా ఉన్నాయి. మనం టర్కీ తువ్వాలు అంటామే, దాని పుట్టిల్లు అదే. బుర్సా పట్టణపు మగ్గాల మీద కుచ్చులు లేపి నేసిన బట్టను హెన్రీ క్రిస్టీ అనే ఇంగ్లీషు వర్తకుడు చూసి, తన దేశంలో యంత్రం మీద నేయించి 1851 నాటి లండన్ మహాప్రదర్శనలో పెట్టాడు. అక్కణ్నుంచి లోకమంతా పాకింది. మన దేశంలో ఆ రకం తువ్వాళ్లకు పేరుమోసిన ఊరు షోలాపురం. అక్కడ మగ్గాల ముందు ఎన్నో తరాలుగా ఉన్నది తెలుగు పద్మశాలీలు. వాళ్లలో ఒకరు ఆ దుకాణంలో నిలబడి బట్టను రెండు వేళ్ల మధ్య నలిపి చూసి రాస్తే, ఆ పేజీ ట్వేన్ రాయలేడు, అమీచీస్ రాయలేడు, నేనూ రాయలేను.

ఇది కొత్తగా దిగుమతి చేసుకోవలసిన విద్య కాదు. తెలుగు యాత్రారచనకు పెద్ద దిక్కు ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నపు మనిషి. సుప్రీంకోర్టులో ద్విభాషి, ఒకరి మాట మరొకరికి అందించడమే ఉద్యోగం. 1830 మే 18న బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. ఆయన పోయాక 1838లో 'కాశీయాత్ర చరిత్ర' అచ్చయింది. ఆయన వెళ్లింది పుణ్యానికి. అయినా ఏ మజిలీలో ఏ సరుకు దొరుకుతుంది, ఎక్కడ ఏ నాణెం చెల్లుతుంది, బోయీల సంగతేమిటి, నీళ్లెలా ఉన్నాయి అని పూసగుచ్చినట్టు రాశాడు. విశ్వేశ్వరుడి దర్శనం, అంగడిలో బియ్యం ఆయనకు ఒకే దినచర్యలో పక్కపక్క పంక్తులు. ఇవాళ చరిత్రకారులు ఆ పుస్తకం తెరిచేది ఎక్కువగా ఆ రెండో పంక్తికోసమే. మన యాత్రారచన తల్లివేరులోనే బేరం పేజీ ఉంది. మధ్యలో ఎప్పుడో దాన్ని చింపేసి, రంగుల ఫొటోలు అతికించుకున్నాం.

యాత్రావ్యాసం రాయబోయే మిత్రులను అడిగేది మూడే సంగతులు. కొన్న వస్తువు పేరు అమ్మినవాడి భాషలో రాయండి. అతను తనవాళ్లతో ఏ భాషలో మాట్లాడాడో రాయండి. ఆ వీధిలో అంతకుముందు ఏమమ్మేవారో, ఎవరు అమ్మేవారో అడిగి రాయండి. ధర ఎంత తగ్గించారన్నది ఇష్టమైతే రాయండి, లేకపోతే లేదు. ఆయాసోఫ్యా గుమ్మటం కొలతలు మాకు దొరుకుతాయి. గొంతు తగ్గించిన అంగడాయన మాత్రం మీరు రాస్తేనే మాకు దొరుకుతాడు.